అరువు గొంతు – 17: నాలుగో బస్సు

పోయిన వారం నరహరిని చేతిలో ఉత్తరంతో, ఎదురుగా చల్లారిన చాయ్‌తో వదిలేసి మన పనుల్లో మనం పడిపోయాం. పాపం, ఆయన వారం రోజులూ అట్లాగే ఉన్నాడు. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

నరహరి కథలు రాస్తాడు, పేరు మాత్రం విజయరాణిది. తొమ్మిదేళ్లుగా ఆమె పేరుతో వారపత్రికలో వస్తున్న సీరియళ్లన్నీ సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో, మార్కండేయ జిరాక్స్ సెంటర్లో, ఆధార్ కార్డులకూ పొలం పహాణీ నకళ్లకూ మధ్య పుట్టినవే. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు రాసేవాడు, ఇంకొకరు సంతకం పెట్టే ఆమె. హైదరాబాదులో ఉండే విజయరాణికి అభిమానులు రాసే ఉత్తరాలు కూడా తిరిగి తిరిగి ఇతని దగ్గరికే వస్తాయి. 'మీ ఆత్మీయ సోదరి' అని జవాబు రాసేదీ ఇతనే. మీసాలున్న సోదరి అన్నమాట.

అట్లా వచ్చిన ఉత్తరాల్లో ఒకటి శైలజది. ఇరవై రెండేళ్ల కింద ఇదే ఊరి బస్టాండులో నరహరి కోసం ఎదురుచూసి, మూడు బస్సులు వదిలేసి, నాలుగో బస్సెక్కి వెళ్లిపోయిన శైలజది. 'ఏడో గుమ్మం' సీరియల్ నలభై ఒకటో భాగంలో అచ్చం తన కథే చదివి, విజయరాణికి ఒకే ఒక్క ప్రశ్న రాసింది. 'ఈ సంగతి మీకు చెప్పిన మనిషి ఆ రోజు అక్కడికి వచ్చాడా, రాలేదా?'

వచ్చాడని రాస్తే తొమ్మిదేళ్ల గుట్టు రట్టవుతుంది. రాలేదని రాస్తే అదే మనిషికి రెండోసారి ద్రోహం. నరహరి పదకొండు జవాబులు టైపు చేశాడు, పదకొండూ చెరిపేశాడు. ఊళ్లోవాళ్లందరి కోసం రాసిన చెయ్యి తన కోసం ఒక్క వాక్యం రాయలేక మొండికేసింది.

సోమవారం పొద్దున పదకొండు దాటింది. బస్టాండులో హైదరాబాదు బస్సు హారన్ కొట్టి కదిలింది. మిరుదొడ్డి నుంచి వచ్చిన రైతు పాసుబుక్కు నకలు తీసుకుని అటు వెళ్లాడో లేదో, షాపు ముందు ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి, జరీ అంచు నేత చీర, కళ్లద్దాలకు గొలుసు. బోర్డు చదివింది, మిషన్ వైపు చూసింది, నరహరి వైపు చూసింది.

"గిదేనా తమ్మీ, నా ఆఫీసు?" అన్నది.

నరహరి చేతిలోని కాగితాల కట్ట జారి కిందపడింది. ప్రతివారం పత్రికలో వేసే ఫోటో ఆయన ఎంచిందే, అది పదిహేనేళ్ల కిందటిది. గొంతు వెంటనే తెలిసింది, మనిషిని పోల్చుకోవడానికే ఒక నిమిషం పట్టింది. తొమ్మిదేళ్లలో ఇద్దరూ కలిసింది రెండే సార్లు, రెండుసార్లూ గజ్వేల్‌లో ఒక హోటల్లోనే. విజయరాణి సిద్దిపేటలో కాలు పెట్టకూడదన్నది వాళ్ల ఒప్పందంలో మొదటి మాట.

"అక్కా! మీరు గీడికి... ఎవలన్న చూస్తే?"

"చూడనీ. జిరాక్స్ తీపిచ్చుకోడానికి వచ్చిన్నంట." లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఎదురుగా గోడ మీద నరహరి పెట్టుకున్న అట్ట వేలాడుతోంది. ఒక పక్క 'ఉన్నోళ్లు', ఇంకో పక్క 'పోయినోళ్లు' అని రెండు వరుసలు. ఒక సీరియల్లో పన్నెండో భాగంలో చచ్చిపోయిన మేనమామ ముప్పయ్యో భాగంలో కూర్చుని దర్జాగా ఉప్మా తిన్నాడు. చదివేవాళ్లు ఊరుకుంటారా? డెబ్బై ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అప్పటి నుంచి ఈ అట్ట.

విజయరాణి అది చదివి నవ్వింది. తర్వాత చేతి గడియారం చూసుకుని నవ్వు ఆపేసింది.

"చాయ్ చెప్పనా అక్కా?"

"చాయ్ తర్వాత. హైదరాబాదుకు బస్సులు ఎంతసేపటికొకటి ఉన్నయి?"

"ఇరవై నిమిషాలకొకటి. కారుల రాలేదా మీరు?"

"వచ్చిన. ఊకెనే అడిగిన." సంచిలోంచి శైలజ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. నరహరికి పంపింది నకలే, అసలుది ఆమె దగ్గరే ఉంది. "చెప్పు తమ్మీ. నలభై ఒకటో భాగం నువ్వు అల్లిందా, జరిగిందా?"

"కథే అక్కా."

"నాతోని కథలు చెప్పకు. తొమ్మిదేండ్ల సంది నీ రాత నా నోటితోని చదువుకుంటున్న. నువ్వు అల్లినప్పుడు నీ వాక్యం జర కులుక్కుంట నడుస్తది. ఆ బస్టాండు కాడ చెప్పుల్లేకుండ నడిచింది. అప్పుడే అనుమానమొచ్చింది నాకు. అడుగుదామనుకున్న, పత్రికకు ఇచ్చే గురువారం ముంచుకొచ్చిందని పంపేసిన. తప్పు నాది గూడ."

నరహరి తలదించుకున్నాడు. ఒప్పందంలో రెండో మాట అదే మరి. రాసేవాడి బతుకులోంచి ఒక్క గింజ కూడా కథలో పడకూడదు. ఎవరో ఒకరు గుర్తుపడతారు, ఇద్దరూ దొరికిపోతారు. తొమ్మిదేళ్లు ఆ మాట మీద నిలబడ్డ మనిషి, ఆ వారం నూట రెండు జ్వరంతో పడుకున్నాడు. పత్రికవాళ్లు విజయరాణికి గంటకోసారి ఫోన్, విజయరాణి ఇతనికి గంటకోసారి ఫోన్. ఎంత గింజుకున్నా కథ ఒక్క అడుగు కదల్లేదు. ఆఖరికి, ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చూపించకుండా దాచుకున్న మూట విప్పి, అందులోదే తీసి పత్రికకు వడ్డించాడు. ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కుని, గింజలు ఒలిచి రెండు కుప్పలు పెడుతూ కూర్చున్న అమ్మాయి. స్తంభం వెనక నిలబడి ఆమెనే చూస్తున్న మగమనిషి. చదివినవాళ్లంతా విజయరాణమ్మ కల్పనకు దండం పెట్టారు. ఒక్కామె మాత్రం గుండె పట్టుకుని కూర్చుంది.

"జరిగిందే అక్కా," అన్నాడు ఎట్టకేలకు. "నేనప్పుడు ఎమ్మార్వో ఆఫీసు అరుగు మీద టైపు మిషిను పెట్టుకొని దరఖాస్తులు రాస్తుంటి. కార్బన్ కాయితాలతోని నా వేళ్లు ఎప్పుడు నల్లగనే ఉండేటియి. ఆ వేళ్లతోని తినొద్దని శైలజనే ఒలిచి పెట్టేది. మాది మగ్గం ఇల్లు, వాళ్లది పొలాలున్న ఇల్లు. ఇంట్ల చెప్తే అయ్యేది కాదని, హైదరాబాదు పోయి రిజిస్టర్ పెండ్లి చేసుకుందామనుకున్నం. సాయంత్రం నాలుగింటికి బస్టాండుల కల్వాలె."

"కలిసినవా?"

"పోయిన. కల్వలే."

"భయపడ్డవా?"

"గంత సులువైతే ఎప్పుడో మర్చిపోదును."

బయట రెండో బస్సు హారన్ వినబడింది. విజయరాణి మళ్లీ గడియారం చూసుకుంది. నరహరి అది పట్టించుకునే స్థితిలో లేడు.

"ఆనాడు మధ్యాన్నం ఒక పెద్దమనిషి నా బల్ల కాడికి వచ్చిండు," అన్నాడు. "నెత్తికి రుమాలు, చేతుల కర్ర. మార్కెట్ యార్డుల మక్కలు అమ్మి వచ్చిన్నన్నడు. బిడ్డకు ఉత్తరం రాయాలె, నాకు రాయరాదు అన్నడు. బిడ్డ యాడుంటది పెద్దయ్యా అంటే, గీ ఊర్లనే, ఆడపిల్లల హాస్టల్ల అన్నడు. గీడనే ఉంటే పోయి చెప్పరాదా అన్న. 'పొద్దున పోయిన కొడుకా, ముంగట నిలబడ్డ, నోరు రాలే' అన్నడు. నేను నవ్వుకుంట టైపు కొట్టుడు షురూ చేసిన. ఉత్తరం మొత్తం అయినంక, పైన పేరేమి రాయాలె అని అడిగిన." బల్ల మీది ఉత్తరం వైపు చూశాడు. "శైలజ అన్నడు."

విజయరాణి స్టూలు ముందుకు జరుపుకుంది.

"ఆయన దుబ్బయ్య. శైలజ వాళ్ల నాయిన. నేనెవరో ఆయనకు తెల్వదు. 'నాకు మిరుదొడ్డి బస్సు టైమైంది, నువ్వే హాస్టల్ల ఇయ్యి కొడుకా' అని నా చేతుల పెట్టి పోయిండు."

"ఇచ్చినవా?"

నరహరి లేచాడు. జిరాక్స్ మిషన్ కింద అర తెరిచి, వారంటీ కార్డుల అడుగున, ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఒక మడత కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. మడతల దగ్గర చినిగి, టేపు వేసిన కాగితం. టేపు కూడా పచ్చబడిపోయింది.

విజయరాణి కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివింది.

"బిడ్డా శైలజా, మీ నాయిన దుబ్బయ్య రాపిచ్చేది. పొద్దున వచ్చి మక్కల ధర సంగతే చెప్పి మర్లిపోయిన. చెప్పాలనుకున్నది గది కాదు. నీ మనసుల ఏదో ఉన్నది. నాకెర్కే. ఎవలు, ఏంది అని నేనడగను. నువ్వు యాడికన్న పోవాలనుకుంటే నన్ను అడగకు, చెప్పి పో. చెప్పి పోతే నేనే బస్సెక్కిస్త. చెప్పకుండ పోయినవనుకో, నువ్వు మర్లి వచ్చేదాక ఇంటి తలుపుకు గడియ పెట్టను. దొంగలొస్తే రానీ. ఇంతే సంగతులు."

చదవడం అయిపోయినా కాగితం కింద పెట్టలేదు ఆమె.

"నా పనే గట్లాంటిది అక్కా," అన్నాడు నరహరి. "ఎవల ఉత్తరం రాస్తే నేను వాళ్లనే అయిపోత. మగ్గం పనికి భీమండి పోయినోళ్లకు వాళ్ల ఆడోళ్లు ఉత్తరాలు రాపిచ్చుకుంటే, పొద్దుగూకేదాక గా ఆడోళ్ల ఏడుపు నా గొంతులనే ఉండేది. ఆనాడు దుబ్బయ్యనైపోయిన. జేబుల గీ కాయితం పెట్టుకొని బస్టాండుకు పోయిన. స్తంభం చాటున నిలబడ్డ. శైలజ గింజలు ఒలుస్తున్నది. నరహరిగ చూస్తే ఉరికి పోయి చెయ్యి పట్టుకోవాలె. తండ్రిగ చూస్తే, నా బిడ్డ చెప్పకుండ పోతున్నది. కాయితం ఇస్తే ఆగిపోతది, నాకు దక్కది. ఇయ్యకుంట ఎంబడి పోతే, గా ముసలాయన తలుపు తెరుసుకొని కూసుంటడు. ఒక బస్సు పోయింది. రెండు పోయినయి. మూడు పోయినయి. అటు నేను గాలే, ఇటు ఆయన గాలే. నాలుగో బస్సుల ఆమె ఒక్కతే ఎక్కి పోయింది."

"ఆ కాయితం తర్వాతన్న పంపొచ్చు గద."

"ఎట్ల పంపుత? ఇన్నొద్దులు ఎందుకియ్యలేదంటే ఏం చెప్త? ఒక వారమైంది, ఒక నెలయింది. ఆలస్యమైనకొద్ది ఇయ్యనీకె మొఖం చాలలే."

ఇక్కడ నరహరిని మనం నాలుగు తిట్టొచ్చు. తిట్టడానికి నాకూ నోరు దురదపెడుతోంది. కానీ విజయరాణి తిట్టలేదు. కాగితాన్ని పాత మడతల మీదే నెమ్మదిగా మడిచి, చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దుబ్బయ్య పోయి ఆరేండ్లయింది," అన్నది.

"మీకెట్ల తెల్సు?"

"నిన్న శైలజ మా ఇంటికొచ్చింది. పత్రిక ఆఫీసుల అడ్రసు పట్టుకొని వచ్చింది. పొద్దటి సంది సాయంత్రం దాక కూసున్నది. ఆనాడు హైదరాబాదు పోయి చుట్టాలింట్ల ఉన్నదట. ట్యూషన్లు చెప్పుకుంట చదివి టీచరైందట. ఏడాదికి ఇంటికి పోతే నాయిన ఒక్క మాట అడగలేదట, తిట్టలేదట. కని ఇంటి తలుపుకు గడియ పెట్టుడు మానేసిండట. బిడ్డ వచ్చినంక గూడ పెట్టలేదట. కుక్కలొచ్చి పోయేటియట. ఒకసారి ఇత్తడి గంగాళం ఎవలో ఎత్తుకపోయిన్రట. అయినా పెట్టలే. పానం పోయే ముందు ఆ పిల్ల అడిగిందట, 'నాయినా, గడియ ఎందుకు పెట్టవే' అని. ఆయన ఏమన్నడో తెల్సా?"

నరహరి తల అడ్డంగా ఊపాడు. తెలుసుకోవాలని లేదు, తెలుసుకోకుండా ఉండాలనీ లేదు.

"'నీకు తెల్వదా బిడ్డా?' అని గోడ దిక్కు మర్లి పండుకున్నడట. ఇప్పటికి గూడ ఆమెకు తెల్వదు. ఆయనేమో తన ఉత్తరం చదివే పోయింది నా బిడ్డ అనుకున్నడు. అట్లనే పోయిండు."

నరహరి మిషన్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మిషన్ ఇంకా వేడిగానే ఉంది. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవడానికి ఎవరి కోసమో రాస్తున్న ఏడుపు కాదు అది. శైలజను పోగొట్టుకున్నానని ఇరవై రెండేళ్లు ఏడ్చాడు. శైలజ ఏం పోగొట్టుకుందో ఇవాళే తెలిసింది.

"నువ్వు పంపిన వచ్చే వారం భాగం గూడ చదివిన," అన్నది విజయరాణి కాసేపటికి. "స్తంభం ఎనుకున్నోడు ఇంటికి మర్లిపోయినట్టు రాసినవ్. నేనది పత్రికకు పంపలే. నా పేరు పెట్టను దానికి."

"మరి ఏం రాయాలె?"

"గది నన్నడిగితే? రాసుడు వస్తే నేనే రాసుకుందును. మీ బావ పోయినంక నాకు ఒక్క వాక్యం రాలే తమ్మీ. నీ వాక్యాలు తిని బతికిన. ఇగ నా పేరంటవా, పోతే పోనీ. కథ రాసినాయన సిద్దిపేటల ఉన్నడని శైలజకు నిన్ననే చెప్పిన. పేరు మాత్రం చెప్పలే. ఆమె గూడ అడగలే."

బయట మూడో బస్సు హారన్ కొట్టింది. బల్ల మీద ఉన్న విజయరాణి ఫోన్ మోగింది. ఆమె పేరు చూసి, స్పీకర్ నొక్కి, నరహరి ముందుకు జరిపింది.

"మేడం, మూడో బస్సు గూడ పోయింది."

ఇరవై రెండేళ్ల తర్వాత అదే గొంతు. కాస్త బరువెక్కింది, చివర్లో మాట విరిచే తీరు మారలేదు. వచ్చినప్పటి నుంచి విజయరాణి గడియారం ఎందుకు చూసుకుంటోందో అప్పటికి గానీ అర్థం కాలేదు ఈ మహానుభావుడికి. ఆమె కారులో వచ్చింది ఒక్కతే కాదు.

"మేడం, వింటున్నరా? ఒక్క మాట చెప్పుండ్రి, నేను పోత. ఆనాడు ఆయన వచ్చిండా, రాలేదా?"

విజయరాణి నరహరి వైపు చూసింది. నరహరి నోరు తెరిచాడు, మాట రాలేదు. ముంగట నిలబడ్డ, నోరు రాలే అన్న ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన ఆ ఒక్క మాట పొద్దున చెప్పి ఉంటే... ఈసారి ఆ తప్పు జరగకూడదు.

"వచ్చిన," అన్నాడు. "శైలజా, వచ్చిన. స్తంభం ఎనుక ఉన్న."

అవతల బస్టాండు చప్పుడు వినబడింది. ఎవరో కండక్టర్ కరీంనగర్, కరీంనగర్ అని అరుస్తున్నాడు.

"నీ వంతు గింజలు బల్ల మీద పొట్లం కట్టి పెట్టి పోయిన," అన్నది శైలజ. "బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలకెళ్లి చూసిన. ఒక చెయ్యి వచ్చి ఆ పొట్లం తీసుకున్నది. మనిషి కనబడలే, చెయ్యే కనబడ్డది. వేళ్లు నల్లగున్నయి. అప్పటి సంది ఒకరోజు అది నీ చెయ్యే అనుకున్న, ఒకరోజు కాదనుకున్న. గిట్లనే గడిచింది నరహరీ."

"శైలజా..."

"ఫోన్ల వద్దు. నాలుగో బస్సు వచ్చేదాక చూస్త. ఆనాడు గూడ అంతే చూసిన." ఫోన్ పెట్టేసింది.

నరహరి చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒకటి దొరికింది, రెండోది మిషన్ కిందికి పోయింది. "అక్కా, ఆమెకు పెండ్లి..."

"నేనడగలే. పోయి నువ్వే అడుగు." విజయరాణి చెయ్యి ఉత్తరం మీదే ఉంది. "తమ్మీ, ఒక్కమాట. గీ కాయితం గీడ పెట్టి పో. ఆమె అడిగింది నువ్వు వచ్చినవా అని. వచ్చినవని చెప్పినవ్. గది చాలు. గిది చదివితే నాయిన ఏమనుకొని పోయిండో తెలుస్తది. నిన్ను జన్మల మాఫ్ చెయ్యదు."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఉత్తరం అరలో ఉంటే శైలజ దక్కవచ్చు. ఇరవై రెండేళ్ల తర్వాత, బల్ల మీద పక్కన కూర్చుని, ఆమె ఒలిచి పెడితే తినవచ్చు. నరహరికి ఆ ఆశ ఎంతగా ఉందో చెప్పడానికి నాకే మాటలు చాలడం లేదు. చెయ్యి చాచాడు, ఆగాడు. మళ్లీ చాచి ఆమె వేళ్ల కింద నుంచి కాగితం లాక్కున్నాడు.

"గిది నాది కాదక్కా," అని సందులో పరుగు తీశాడు, ఒక కాలికే చెప్పుతో.

బస్టాండులో స్తంభం రంగు మారింది, బల్ల మారింది. బల్ల మీద కూర్చున్న ఆడమనిషి పాపటలో నెరుపు కనబడుతోంది. ఒళ్లో పాత దినపత్రిక ముక్క, దాని మీద పల్లి గింజలు. రెండు కుప్పలు. ప్లాట్‌ఫారం మీదికి నాలుగో బస్సు వచ్చి ఆగింది. నరహరి స్తంభం దగ్గర ఆగలేదు. దాన్ని దాటి నేరుగా వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

శైలజ తలెత్తి ముందు చేతుల వైపు చూసింది. వేళ్లకు జిరాక్స్ మసి. పెదవి చివర నవ్వు లాంటిదేదో వచ్చింది. ఒక కుప్పను ఆయన వైపు జరిపింది.

నరహరి గింజలు తీసుకోలేదు. ఉత్తరం చాచాడు. "ముందుగాల గిది తీస్కో. మీ నాయిన నీకు రాపిచ్చిండు. రాసింది నేనే. ఇయ్యమని నాకే ఇచ్చిండు, ఆనాడే. నేను ఇయ్యలే."

నవ్వు పోయింది. శైలజ కాగితం తీసుకుని విప్పింది. కండక్టర్ హైదరాబాద్, హైదరాబాద్ అని ఒక చుట్టు తిరిగి వచ్చి, "ఏమ్మా, వస్తున్నవా?" అని అడిగాడు. ఆమె తలెత్తలేదు. ఆమె కళ్లు ఒక్కో వరుస దిగుతుంటే నరహరి తన నోట్లోనే దుబ్బయ్య మాటలు వింటున్నాడు. గడియ అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది.

డ్రైవర్ ఇంజను స్టార్ట్ చేశాడు. శైలజ ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఒళ్లో ఉన్న గింజలన్నీ, రెండు కుప్పలూ కలిపేసి పొట్లం కట్టింది. లేచి నిలబడి, బ్యాగు భుజాన వేసుకుంది. బస్సు వైపు నడిచిందా, నరహరి వైపు తిరిగిందా? అది వచ్చే వారం.